‘తమ్మీ, అన్ని సూసుకోని ఇంటికొద్దాం’: టీకా తాత్పర్య సహితం

మూలం: తమ్మీ, రేపు ఒక్కరోజుల అన్ని సూసుకోని పొద్దుగూకే యాల్లకు ఇంటికొద్దాం.

అవతారిక. ఈ వాక్యం ఎవరిదని అడిగితే ఒక పేరు చెప్పలేం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్నాల్లో రాఖీ పున్నమికి పుట్టింటికొచ్చిన అక్క ఎవరైనా, గల్ఫు నుంచి ఛుట్టీ మీద దిగిన తమ్ముణ్ని చూసి ఏ ఏడైనా అనగలిగిన మాట. ఇంత వాడుకలో ఉన్న వాక్యానికి ఇన్నాళ్లూ టీక లేకపోవడం పండితుల అలక్ష్యమే. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఎక్కడివాడో కాదు, మెదక్ దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసి కలం పట్టాడాయన. ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగానికి హామీ ఇవ్వలేడు.

ప్రతిపదార్థం. తమ్మీ = ఓ తమ్ముడా; రేపు = తెల్లవారిన పిమ్మట, అనగా తమ్ముడు నిద్ర లేచిన పిమ్మట; ఒక్కరోజుల = ఒకే దినమునందు, ఛుట్టీలో మిగిలినది అదే కనుక; అన్ని = జగిత్యాల ఖిలా మొదలుకొని సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) వరకు గల సమస్త స్థలములను; సూసుకోని = చూచుకొని; పొద్దుగూకే యాల్లకు = సూర్యాస్తమయ సమయమునకు, అమ్మ మూడోసారి ఫోను చేయక మునుపే అని కొందరు; ఇంటికొద్దాం = గృహమునకు తిరిగి చేరుదము. తాత్పర్యము స్పష్టము.

‘స్పష్టము’ అని రాసి వదిలేయడం వ్యాఖ్యాతల పాత ఒడుపు. ఎక్కడ చిక్కు ఉందో అక్కడే ఆ ముక్క కనబడుతుంది. ఇక్కడా చిక్కుంది. చూడవలసినవి ‘అన్ని’లో ఉన్నాయి, చూసే పని ‘సూసుకోని’లో ఉంది, గడువు ‘పొద్దుగూకే యాల్లకు’లో ఉంది. మరి ‘తమ్మీ’ ఎందుకు? బండి నడపడానికి అయితే కిరాయి డ్రైవరు దొరుకుతాడు. ఫొటో తీయడానికి అయితే దారిన పోయే ఎవరైనా తీస్తారు. సంబోధన తీసేసినా వాక్యానికి వ్యాకరణ లోపం రాదు. అలాంటప్పుడు దాన్ని పెట్టడానికి బలమైన కారణం ఉండి తీరాలి. మా సిద్ధాంతం ఇది: ఒక చోటును సరిగ్గా చూడాలంటే తోడబుట్టినవాళ్లు పక్కన ఉండాలి. వాళ్ల సాయం కాలక్షేపం వరకే పరిమితం కాదు. మన చూపు చేరని నేలను వాళ్ల చూపు చేరుతుంది. ఇది మమకారంతో అంటున్న మాట కాదు, రాయీ సున్నమూ సాక్ష్యంగా అంటున్నది. ‘తమ్మీ’ అన్నది ఇక్కడ ఉపలక్షణం. అన్న, చెల్లె, అక్క అందరికీ ఇదే వర్తిస్తుందని గ్రహించాలి.

మొదటి సాక్షి జగిత్యాల ఖిలా. పట్నానికి ఉత్తరాన ఉన్న ఈ కోటను జఫరుద్దౌలా కోసం 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని గెజిటీర్ల మాట. ఎలగందుల చరిత్రలో ఇబ్రహీం ఖాన్ ధంసా అని వినబడేదీ ఆయన పేరే. ఆ ఇంజనీర్లు జాక్, తాల్ అనే ఇద్దరనీ, ఊరికి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు. పొలాసను ఏలిన జగద్దేవుడి పేరును ముందుకు తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ పంచాయితీ ఈ టీకకు అక్కర్లేదు. మనకు కావలసింది కోట రూపం. నక్షత్రం మొనల్లా బయటికి పొడుచుకొచ్చిన గోడలు, చుట్టూ కందకం, గోడల మీద ఫిరంగులు. ఎలగందుల కోట గుట్టెక్కి కూర్చుంది కనుక దూరం నుంచే కనబడుతుంది. గోల్కొండ సంగతి సరేసరి. జగిత్యాల ఖిలా మాత్రం చదును నేల మీద ఒదిగి కూర్చున్నది. ‘కోట సూద్దాం’ అని వచ్చినవాడు తలెత్తి వెతుకుతాడు, తల దించాల్సిన చోట.

ఆ ఒదుగుడుకు కారణం యూరపులో ఉంది. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో ఛార్లెస్ కొత్త రకం ఫిరంగులతో ఇటలీ మీదికి దండెత్తాడు. అంతవరకు గోడ ఎంత ఎత్తుంటే కోటకు అంత గొప్ప. ఫిరంగి వచ్చాక ఆ ఎత్తే గురి అయ్యింది. దాంతో గోడలు కురచనయ్యాయి, మందమయ్యాయి, రాతి వెనక మట్టి దట్టించారు, కోటంతా కందకంలోకి సగం దిగింది. ఇంకో చిక్కు పాత గుండ్రటి బురుజుల్లో ఉంది. గుండ్రటి బురుజు మీద నిలబడి ఎంత వంగి చూసినా, సరిగ్గా దాని పాదం ముందర ఒక ముక్క నేల కనబడదు. పక్క బురుజు వాడు చూద్దామంటే మధ్యలో బురుజు పొట్ట అడ్డం. శత్రువు ఆ ముక్కలోకి చేరాడంటే తీరిగ్గా కూర్చుని గోడ కిందికి సొరంగం తవ్వుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. ఇటలీ ఇంజనీర్లు ఆ పొట్టను చెక్కి మొన తేల్చారు. మొన తేలిన బురుజు కూడా తన పాదాన్ని తాను చూసుకోలేదు, ఆ లోపం లోపంగానే ఉంది. కానీ ఇప్పుడు దాని రెండు ముఖాల వెంబడీ పక్క బురుజుల నుంచి చూపూ గుండూ నేరుగా పోతాయి. దీని పాదాన్ని అది కాస్తుంది, దాని పాదాన్ని ఇది కాస్తుంది. వెనిసు వాళ్లు 1593లో తొమ్మిది మొనలతో మొదలుపెట్టిన పాల్మనోవా పట్నం, ఫ్రాన్సులో వోబాన్ కట్టిన కోటలు, మన జగిత్యాల ఖిలా, అన్నీ ఈ ఒక్క సూత్రం సంతానమే. వోబాన్ కోటల్లో 12 చోట్లను 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కించారు. ఖిలాకు ఆ యోగం పట్టలేదు, అది వేరే కథ.

కోటలో ఇద్దరు తోడబుట్టినవాళ్లను రెండు పక్కపక్క మొనల మీద నిలబెట్టండి. అక్క గోడ అంచుకొచ్చి కిందికి తొంగిచూస్తుంది. ఆమెకు కందకం అవతలి గట్టు కనబడుతుంది, గట్టు మీది తుమ్మచెట్టు కనబడుతుంది, తను నిలబడిన గోడ మొదలు మాత్రం కనబడదు. అవతలి మొన మీది తమ్ముడికి అదే మొదట కనబడుతుంది: రాతి సందులో మొలిచిన రావి మొక్క, సున్నం ఊడిన జాగా, ఎవరో విసిరేసిన నీళ్ల సీసా. ‘అక్కా, నీ కాళ్లకింద గోడ పగిలింది సూడు’ అని అక్కణ్నుంచే అరుస్తాడు. ‘నీ కాళ్ల కింద సక్కగున్నదా మరి’ అని ఆమె తిరిగి అరుస్తుంది. 1747 నాటి ఇంజనీర్లు తాము కట్టిన గోడ సరిగ్గా పనిచేస్తున్నదని సంతోషించవలసిన ఘట్టం ఇది. మనిషి విషయంలోనూ కనబడని ఆ ముక్క ఉంటుంది. తన నడక ఎట్లా ఉందో, డబ్బు మాట వస్తే గొంతు ఎట్లా మారుతుందో, ఏ ఊరి పేరు వింటే ముఖం ముడుచుకుంటాడో ఎవడికి వాడు చూసుకోలేడు. అది కనబడే కోణంలో పుట్టుకతోనే నిలబడ్డవాళ్లు తోడబుట్టినవాళ్లు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ‘1747లో ఫ్రెంచివాళ్లు జగిత్యాలలో ఏం చేస్తున్నారు? ఫ్రెంచి సేనాని బుస్సీ దక్కనుకు వచ్చిందే 1751లో కదా. పునాదే తప్పితే దాని మీది సిద్ధాంతం నిలుస్తుందా?’ అంటాడు. ఆక్షేపణ బరువైనదే. బుస్సీ సలాబత్ జంగు వెంట ఔరంగాబాదు చేరింది 1751లోనే, సలాబత్ జంగు తండ్రి మొదటి నిజాం చనిపోయింది 1748లో. కానీ పాండిచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే అప్పటికే ఉన్నాడు, 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు కూడా. ఫిరంగులు పోయడం, గోడల లెక్క కట్టడం తెలిసిన ఫిరంగీలు సైన్యం వెంటే రావాలని లేదు. జీతమిచ్చే దొర దొరికితే ఒంటరిగానూ కొలువులో చేరేవాళ్లు. పోనీ కట్టిన ఏడు నాలుగేళ్లు అటో ఇటో జరిగిందనుకుందాం. గోడ మొన జరగదు కదా. మన వాదం పంచాంగం మీద కాక ఆ మొన మీద ఆధారపడింది.

రెండో ఆక్షేపణ కొత్త తరానిది. ‘సెల్‌ఫోన్‌లో మ్యాపు తెరిస్తే పైనుంచి నక్షత్రం పూర్తిగా కనబడుతుంది, తమ్ముడెందుకు?’ నిజమే, నక్షత్రం ఆకాశంలోంచే కనబడుతుంది. పాల్మనోవా వీధుల్లో తిరిగే యాత్రికుడికీ నేల మీద నక్షత్రం కనబడదు, పోస్టుకార్డు కొనుక్కొని అందులో చూసుకుంటాడు. కానీ పైనుంచి చూసేవాడికి కోటలో అన్ని మూలలూ ఒకే తీరున కనబడతాయి కనుక, కనబడని మూల ఒకటుందన్న సంగతే తెలియదు. కోట కట్టింది ఆ మూల కోసం. మ్యాపు రూపాన్ని చూపిస్తుంది, భయాన్ని చూపించదు. భయం తెలియాలంటే గోడ అంచున నిలబడి ‘ఇక్కడికి ఎవడన్నా ఎక్కొచ్చేమో’ అని ఒకరు అనాలి, ‘ఎక్కలేడు, ఇక్కణ్నుంచి నేను చూస్తున్న’ అని రెండోవారు అనాలి.

తర్కసంగ్రహం చదివినవాళ్లు ఇప్పటికే గొణుగుతూ ఉంటారు: ప్రమాణాలు నాలుగే, ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, తమ్ముణ్ని ఏ గడిలో వేస్తారు? తార్కికులు ఒప్పుకోకపోయినా మీమాంసకులు అనుపలబ్ధి అని ఇంకొకటి చెప్తారు. ఉండవలసింది కనబడకపోవడం వల్ల, అది లేదని కలిగే జ్ఞానం అది. తమ్ముణ్ని అందులో వేస్తాం. గైడు ఉన్నదాన్ని చూపిస్తాడు, పుస్తకం ఉన్నదాన్ని చెప్తుంది. లేనిదాన్ని పట్టుకోవడం ఒకే చోట కలిసి పెరిగినవాళ్ల విద్య. ‘కందకంల నీళ్లుండేటియి గదా’, ‘ఇక్కడ సీతాఫలాల ముసలమ్మ కూసునేది గదా’, ‘అప్పుడు ఈ గోడ మనకు పెద్దగ కనవడేది గదా’ అనే మాటలు కలిసి పెరిగిన ఇద్దరి మధ్యే పుడతాయి. పాత కట్టడాల్లో ఉన్నదానికంటే పోయిందే ఎక్కువ కాబట్టి, చూడ్డానికి వెళ్లినవాడికి అన్నిటికంటే అక్కరకొచ్చే ప్రమాణం ఇదే.

మూడో పూర్వపక్షం ఘాటైనది. భార్యో భర్తో స్నేహితుడో ఉంటే చాలదా అన్నది. చాలదని అనం, వాళ్లు వేరే పనికి చాలుతారు. స్నేహితుణ్ని మనం ఎంచుకున్నాం. మన చూపుకు నచ్చినవాణ్ని మనమే ఎంచుకుంటాం గనుక అతని చూపు మన చూపుకు సమాంతరంగా పోతుంది, అడ్డంగా వచ్చి తాకదు. ఆలుమగలు ఒకే మొన మీద నిలబడి ఒకే దిక్కు చూడాలని లోకం పెట్టిన నియమం. దాన్ని చెడగొట్టాలని ఈ టీకకు కోరిక లేదు. పైగా వాళ్లకు మనం పాతికేళ్ల వయసు నుంచే తెలుసు. గోడ పునాదుల నాటి సంగతులు తెలిసినవాళ్లు కావాలి.

‘అయినా అక్కాతమ్ముళ్లు కలిస్తే తగవే కదా’ అని నాలుగోవాడు. ఇతిహాసాలు కూడా వాడి పక్షానే ఉన్నట్టు కనబడతాయి. వాలి సుగ్రీవులు కొట్టుకున్నారు, రావణుడు విభీషణుణ్ని వెళ్లగొట్టాడు. కానీ రామాయణాన్ని కోటల కథగా చదివితే ఫలితం తిరగబడుతుంది. లంక మంచి కోట. దాని లోపల కనబడని ముక్క రావణుడే. ఆ సంగతి అతనికి మొదట చెప్పింది ఎవరు? మంత్రులు కారు, భార్యలు కారు. జనస్థానంలో ఏం జరుగుతున్నదో నీకు తెలియదు, నీ వేగులు ఏం చేస్తున్నారు అని నిండు కొలువులో కడిగేసింది చెల్లెలు శూర్పణఖ. ఆమె ఉద్దేశం మంచిదా అన్నది వేరే చర్చ, ఆమె చూపు మాత్రం సూటిగా ఉంది. తర్వాత సీతను తిరిగి ఇచ్చెయ్యమని చెప్పినవాడు తమ్ముడు విభీషణుడు. రావణుడు పక్క బురుజును తానే కూల్చుకున్నాడు. ఇక మామూలు ఇళ్లలో తగవు అంటే, ఒక మొన నుంచి వచ్చిన గుండూ రెండో మొన నుంచి వచ్చిన గుండూ మధ్యలో కలవడం. కోట కట్టినవాళ్లు దాన్ని లోపం అనుకోలేదు, దాని కోసమే కొలతలు వేశారు. ఖిలా నుంచి కొండగట్టు దాకా కారులో అద్దం దించాలా ఎత్తాలా అని కొట్లాడుకున్న ఇద్దరికి ఆ దారి ఇరవయ్యేళ్ల తర్వాతా గుర్తుంటుంది. మర్యాదగా మౌనంగా పోయినవాళ్లకు ఒక్క మలుపు కూడా గుర్తుండదు.

ఇంత చెప్పినా ‘ఇదంతా ఊహ’ అనేవాళ్ల కోసం రాతి మీది సాక్ష్యం ఒకటి ఉంది. జగిత్యాల నుంచి కొండగట్టు దాటి కరీంనగర్ దిక్కు పోతుంటే గంగాధర మండలంలో కురిక్యాల వస్తుంది. ఆ ఊరి బొమ్మలగుట్ట మీద చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కిన బండ కింద ఒక శాసనం ఉంది. క్రీ.శ. 945 ప్రాంతానిది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్న ఆ శాసనాన్ని వేయించింది జినవల్లభుడు. ఆయన వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులోని పంపకవికి తమ్ముడు. పంపడు కన్నడానికి ఆదికవి, 941లో ఆదిపురాణం ముగించినవాడు, విక్రమార్జున విజయంలో తన రాజును అర్జునుడితో కలిపేసినవాడు. తమ్ముడి శాసనంలోని మూడు తెలుగు కందాలు నన్నయకు సుమారు వందేళ్ల ముందువి. తెలుగు కందం గురించి మాట్లాడే ప్రతివాడూ ముందు ఈ తమ్ముడికి దండం పెట్టాలి.

ఈ టీకకు కావలసింది ఛందస్సు కాదు, ఆ బండ మీద ఎవరు ఎవరి గురించి చెప్పారన్నది. అన్నకు అరికేసరి ధర్మపురాన్ని అగ్రహారంగా ఇచ్చిన సంగతీ, తండ్రి భీమపయ్య పేరూ, తల్లి అబ్బణబ్బె పేరూ, వేంగి దేశం నుంచి వచ్చిన ఇంటి మూలాలూ తమ్ముడి శాసనంలో ఉన్నాయి. అన్న కావ్యమంతా రాజును చూస్తూ నిలబడ్డ బురుజు. ఆ బురుజు ఏ నేల మీద లేచిందో, ఆ పునాదిలో ఏ తల్లి ఉందో గుట్ట మీద నిలబడ్డ తమ్ముడు చూసి రాయించాడు. రాజులకు ప్రశస్తి రాసేవాళ్లు కోకొల్లలు. అన్నకు ప్రశస్తి రాయించిన తమ్ముణ్ని ఈ నేల కన్నది. ఇప్పుడు ఆ గుట్టెక్కే అక్కాతమ్ముళ్లలో ఎక్కువమంది ఈ సంగతి తెలియకే, బండకు ఆనుకుని సెల్ఫీ దిగి, ‘నీ పక్క ఎండ పడుతున్నది, ఇటు జరుగు’ అనుకుంటూ దిగివస్తారు. వాళ్లూ సంప్రదాయంలోనే ఉన్నట్టు లెక్క.

ధర్మపురం పేరు వచ్చింది గనుక ధర్మపురి సంగతీ ముగిద్దాం. గోదావరి ఒడ్డున నరసింహస్వామి సన్నిధిలో యముడికి గుడి ఉండటం ఆ ఊరి విశేషం. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి లేదని సామెత. పురాణం ప్రకారం ఆ యముడు కూడా ఏడాదికి ఒకరోజు కొలువు మూసి, కార్తిక శుద్ధ విదియ నాడు చెల్లెలు యమున ఇంటికి పోయి ఆమె చేతి వంట తిన్నాడు. దాన్నే భగినీహస్త భోజనం అంటారు. లోకంలో ఎవరికీ గడువు పొడిగించని దేవుడు తోడబుట్టినదాని కోసం ఒకరోజు ఛుట్టీ పెట్టాడంటే ‘ఒక్కరోజుల’ అన్న పదానికి అంతకు మించిన ప్రమాణం అక్కర్లేదు. ‘ఇన్ని చోట్లు ఒక్కరోజులో అవుతాయా’ అన్న ఆక్షేపణ కూడా దీనితోనే పోయింది.

సిరిసిల్ల విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. వేములవాడలో కోడె మొక్కు తీర్చుకొని, గుడి ఆవరణలోనే ఉన్న దర్గాకూ దండం పెట్టుకొని, అక్కణ్నుంచి దాదాపు 12 కిలోమీటర్లు వచ్చిన అక్కాతమ్ముళ్లకు సిరిసిల్లలో చూడ్డానికి ఏముందని కొందరి మాట. కోట లేదు, గోపురం లేదు, టికెట్ల కౌంటరు లేదు. మా మతంలో ఈ యాత్ర మొత్తంలో తప్పక చూడవలసింది ఇదే. నేత వాడలో ఏ సందులో నిలబడినా సాంచాల చప్పుడు ముందు ఛాతీకి, తర్వాత చెవులకు తగులుతుంది. షెడ్డు లోపలికి అడుగుపెడితే మాట పనిచేయదు. ఒక్క మనిషి నాలుగైదు సాంచాల మధ్య తిరుగుతూ, ఏ సాంచాలో పోగు తెగిందో చప్పుడులో వచ్చిన తేడాను బట్టి చూడకుండానే పట్టుకుంటాడు. అక్కడికి పోయి పోగు ముడేసి, సాంచా మళ్లీ నడిపి, కండె మార్చి, నుదుటి చెమట భుజానికి తుడుచుకొని, ఇంకో సాంచా దగ్గరికి నడుస్తాడు. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం నేసింది ఈ సాంచాలే. పనిలేని నెలల్లో ఇవి ఆగితే వాడ అంతటా వినబడే నిశ్శబ్దం ఎట్లుంటుందో ఆసామిని అడగండి. ఇదే పట్నంలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేశాడు. ‘గది కట్టుకోనొస్తదా?’ అని అక్క అడుగుతుంది. పత్రికలు రాయని ప్రశ్న అది. ఆ చప్పుడులో తమ్ముడికి ఆమె గొంతు వినబడదు, పెదాలు కదిలిన తీరును బట్టి ప్రశ్న తెలిసి నవ్వుతాడు. సాంచాల షెడ్డులో మాట లేకుండా సంభాషణ నడపగల జంటలు లోకంలో ఎన్నో లేవు.

తోడబుట్టినవాళ్లే లేనివాళ్ల మాటేమిటని చివరి ఆక్షేపణ. దీనికి తెలుగే సమాధానం చెప్పి పెట్టింది. పెద్దనాన్న కూతురూ అక్కే, చిన్నమ్మ కొడుకూ తమ్ముడే, వరస కలిస్తే వాడకట్టంతా తోడబుట్టినదే. ఒక్కగానొక్క బిడ్డ ఈ నేలలో జనాభా లెక్కల్లో ఉండవచ్చు, పిలుపుల్లో దొరకడు.

మిగిలింది ‘అన్ని’లో కోరుట్ల ఉన్నదా లేదా అన్న చర్చ. ఇది చిన్న విషయం కాదు. యాత్రలు చెడేది ఇట్లాంటి చోటే. కోరుట్ల జగిత్యాలకు పడమర, నిజామాబాద్ రోడ్డు మీద దాదాపు 25 కిలోమీటర్లు. ఖిలా, కొండగట్టు, కురిక్యాల, వేములవాడ, సిరిసిల్ల అన్నీ ఒక దారిన పడితే కోరుట్ల ఇంకో దిక్కున ఉంటుంది. కాబట్టి ‘అన్ని’ అంటే కోరుట్ల మినహా అన్నీ అని లఘువ్యాఖ్య. అది ఒప్పదు. కోరుట్లలో మేనత్త ఉంటుంది. ఏ ఇంటి వాక్యమైనా మేనత్తను వదిలేసి అన్వయం కుదరదు. పైగా ఆమె ఎవరు? తండ్రికి తోడబుట్టినది, అనగా తండ్రి పాదం కనబడే పక్క బురుజు. ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, ఇంత తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి బీడీని చాటలో పడేస్తూ, చేయి ఆగకుండా ఆమె చెప్పే సంగతుల్లో తండ్రి పదేళ్ల పోరడు. బడి ఎగ్గొట్టి చెరువుల పడ్డడు, మామిడికాయలు దొంగిలించి దెబ్బలు తిన్నడు, చెల్లె బొమ్మను అమ్ముకోని సిన్మా సూసిండు. ఇంట్లో నలభయ్యేళ్లుగా గంభీరంగా నిలబడ్డ గోడకు అడుగున ఏముందో అక్కాతమ్ముళ్లకు ఆ చాట పక్కనే కనబడుతుంది. ఖిలా కంటే పాత కట్టడాలు చూడాలంటే అక్కడే చూడాలి.

అందుచేత నిర్ణయం: పొద్దున్నే ఖిలా చూసి, నేరుగా కోరుట్ల పోవాలి. అక్కణ్నుంచి వెనక్కి రానక్కర్లేదు, కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడకు దారి ఉంది. సిరిసిల్ల చూసుకొని, గంగాధర వైపు తిరిగి, కురిక్యాల, కొండగట్టు మీదుగా జగిత్యాల చేరితే నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ధర్మపురి ఈ చుట్టులో పడదు, దాన్ని కార్తీకానికి పెట్టుకోవడం ఉత్తమం. ఇందులో ఒక్క నియమం గట్టిగా పాటించాలి: కోరుట్లకు పొద్దున పూటే పోవాలి, ఆఖరున పెట్టుకోరాదు. సాయంత్రం మేనత్త గడప తొక్కినవాళ్లు అన్నం తినకుండా లేవలేరు, అన్నం తిన్నవాళ్లను రాత్రిపూట ఆమె బండి ఎక్కనివ్వదు. మూలవాక్యానికి కోరుట్ల ప్రతిలో ‘పొద్దుగూకే యాల్లకు’ అనే పదం లేకపోవడానికి, ‘రేపు’కు బదులు ‘ఎల్లుండి’ అనే పాఠం కనబడటానికి కారణం ఇదేనని పెద్దలు.